షాడర్-కై పాత్రను తయారుచేసుకోవడం ఎలా

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ పాచికలతో కథ నడిపించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మనిషి రూపమున్న జాతులు ఎన్నో ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది షాడర్-కై. వీళ్లు పుట్టుకతో ఎల్ఫులు. షాడోఫెల్ అనే చీకటి లోకంలో చిక్కుకుపోయి, అక్కడి గాలికీ నీడకీ మారిపోయి వేరే జాతిగా మిగిలారు. షాడర్-కై పాత్ర ఆడాలని ఉబలాటపడేవాళ్లు చాలామందే ఉంటారు. తీరా ఆట మొదలయ్యాక నల్లటి ముసుగు వేసుకుని మూలన కూర్చుని, ఎవరు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చే మనిషి ఒకరు తయారవుతారు. నాలుగు వారాలు తిరిగేసరికి ఆ పాత్రంటే ఆడేవాళ్లకే విసుగు పుడుతుంది. ఈ జాతి కథకు కేంద్రం దిగులు కాదు, జ్ఞాపకం. ఆ సంగతి పట్టుకుంటే మిగిలిన పనులన్నీ వాటంతట అవే కుదురుతాయి.

ఈ ఆటకు కొత్తవాళ్లయినా ఫరవాలేదు. క్యారెక్టర్ షీటు (పాత్ర వివరాలు రాసుకునే కాగితం), పెన్సిలు, ఒక గంట తీరిక ఉంటే చాలు.

మొదటి అడుగు: ఏ కథను తీసుకుంటున్నారో తేల్చుకోండి

ఆట నియమాల ఎడిషన్ మారినప్పుడల్లా షాడర్-కై కథ కూడా మారుతూ వచ్చింది. అన్నీ కలిపేస్తే పాత్ర గందరగోళమవుతుంది. 2003లో వచ్చిన ఫీండ్ ఫోలియో పుస్తకంలో వీళ్లు ఫే అనే మాయా జాతివాళ్లు. నీడల లోకంతో పెట్టుకున్న సంబంధం వల్ల ఆత్మ కరిగిపోతుందనే శాపం వీళ్లను వెంటాడుతుంటుంది. గాల్-రాలన్ అనే ముళ్ల కడియాన్ని చేతికి బిగించుకుని, ఆ నొప్పితో శాపాన్ని ఆపుకుంటారు. 2008లో వచ్చిన 4వ ఎడిషన్ వీళ్లను మనుషుల సంతతిగా చేసింది. షాడోఫెల్ నిస్సత్తువ తమను చెరిపేయకుండా ఉండాలని నొప్పినీ, ప్రమాదాన్నీ, తీవ్రమైన అనుభూతుల్నీ వెతుక్కుంటూ తిరిగే మనుషులన్న మాట. 2018లో వచ్చిన కథలో వీళ్లు ఎల్ఫులయ్యారు. ఇప్పుడు ఎక్కువమంది ఆడేది ఈ కథే.

ఆ కథ క్లుప్తంగా ఇది. చెదిరిపోయిన తన జాతినీ దేవతల్నీ తిరిగి కలపాలని ఒక ఎల్ఫు రాణి గొప్ప క్రతువు తలపెట్టింది. అనుచరులు తమ శక్తిని ఆమెకు ధారపోశారు. కొందరు మాంత్రికులు స్వార్థంతో అందులో వేలు పెట్టి క్రతువును చెడగొట్టారు. రాణి షాడోఫెల్‌లోకి జారిపోయింది, ఆమెను నమ్మినవాళ్లూ ఆమె వెంటే జారిపోయారు. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడామె రావెన్ క్వీన్. క్రతువును చెడగొట్టిన మాంత్రికుల్ని ఆమె శపించింది. నాగ్‌పాలనే రాబందు తల మనుషులు వాళ్లే. షాడోఫెల్‌లోని ఫోర్ట్రెస్ ఆఫ్ మెమరీస్ ఆమె నివాసం. చనిపోయినవాళ్ల జ్ఞాపకాలనూ విషాదాలనూ ఆమె పోగుచేసుకుంటుంది. వాటిని తెచ్చిపెట్టే పని షాడర్-కైలది.

నొప్పిని వెతుక్కునే పాత కథ వాడాలనుకుంటే ఒక జాగ్రత్త అవసరం. తనను తాను గాయపరచుకునే సన్నివేశాలు ఆట బల్ల దగ్గర కూర్చున్నవారిలో ఎవరికైనా బాధ కలిగించవచ్చు. మొదటి ఆటకు ముందే అందరినీ అడగండి. నామటుకు నేను ఆ కథలోంచి ఒకే ఒక్కటి తీసుకుంటాను, చెరిగిపోతానేమోనన్న భయం. ముళ్ల కడియాన్ని పక్కన పెట్టినా ఆ భయం పాత్రకు సరిపోతుంది.

రెండో అడుగు: పోయిందేమిటి, మిగిలిందేమిటి

అంకెలు వేయకముందే ఈ పని చేయండి. ఒక కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాయండి. షాడోఫెల్ మీ పాత్ర నుంచి ఏ జ్ఞాపకాన్ని లాగేసుకుంది? దానికి ఆనుకుని ఉన్న ఏ జ్ఞాపకం మిగిలిపోయింది? రెండూ ఒకే సంఘటనకు చెందినవైతే మంచిది. ‘కుటుంబాన్ని పోగొట్టుకుంది’ అని రాస్తే లాభం లేదు, అది ఏ పాత్రకైనా సరిపోతుంది. చేత్తో తాకగలిగేదేదో కావాలి.

నేను తయారుచేసిన ఒక పాత్రను చూపిస్తాను. పేరు ఎస్రీన్. షాడోఫెల్‌లో పడకముందు ఆమె గంటలు పోతపోసేది. కాగుతున్న కంచు రంగు, మూస పగలగొట్టేటప్పుడు వేళ్ల సందుల్లో ఇరుక్కునే మట్టి, చల్లారిన గంట బరువు, ఇవన్నీ ఆమెకు గుర్తున్నాయి. తాను పోసిన గంట ఒక్కటైనా ఎలా మోగేదో గుర్తులేదు.

ఈ చిన్న లోటు వల్ల ఆటలో ఎంత జరుగుతుందో చూడండి. ఏ ఊరికి వెళ్లినా ఎస్రీన్ గుడి గంట దగ్గర ఆగుతుంది. గంట కొట్టేవాడితో మాట కలుపుతుంది. సంతలో మేకల మెడ గంటలు బేరమాడుతుంది. శత్రువుల కోటలో ప్రమాద ఘంటిక మోగితే అందరూ పరుగెత్తుతుంటే ఆమె ఒక్క క్షణం తలెత్తి వింటుంది. దిగులుగా ఉందని మీరు ఎక్కడా చెప్పనక్కరలేదు. ఆమె చేసే పనులు చూసి తోటివాళ్లకే అర్థమవుతుంది. పోగొట్టుకున్నది వెతుక్కునే మనిషి నలుగురిలోకి వెళ్తుంది, ప్రశ్నలడుగుతుంది. మీ పాత్రను మూలన కూర్చోనివ్వని ఉపాయం ఇదే.

మూడో అడుగు: అంకెలు

2022లో వచ్చిన మాన్‌స్టర్స్ ఆఫ్ ది మల్టీవర్స్ పుస్తకంలోని నియమాలనే ఇక్కడ చెబుతున్నాను. వేగం 30 అడుగులు. చీకట్లో 60 అడుగుల దాకా చూపు ఆనుతుంది. పెర్సెప్షన్ నైపుణ్యం ఉచితం. నెక్రోటిక్ (మృత్యు శక్తి) దెబ్బలు సగమే తగులుతాయి. మాయతో వశం చేసుకోవాలని ఎవరైనా ప్రయత్నిస్తే తప్పించుకునే పాచికను అడ్వాంటేజ్‌తో, అంటే రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునేలా, వేస్తారు. ఇష్టమైన ఒక అబిలిటీకి (బలం, తెలివి లాంటి గుణానికి) 2, మరొకదానికి 1 కలుపుకోవచ్చు, లేదా మూడింటికి ఒక్కొక్కటి చొప్పున పంచుకోవచ్చు. మీ బృందం 2024 నియమాలతో ఆడుతుంటే ఈ అదనపు అంకెలు జాతి నుంచి రావు, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వ జీవితం) నుంచి వస్తాయి. మిగిలినవి యథాతథం.

2018 నాటి పుస్తకం మాత్రమే మీ దగ్గరుంటే అందులో డెక్స్టెరిటీకి 2, కాన్‌స్టిట్యూషన్‌కు 1 అని బిగించి ఉంటుంది. నీడలోంచి దూకే శక్తి కూడా లాంగ్ రెస్ట్‌కు (సుదీర్ఘ విశ్రాంతికి) ఒకసారే. ఏది వాడాలో ఆట నడిపే డంజన్ మాస్టర్‌ను అడిగి తెలుసుకోండి. రెండు పుస్తకాల్లోంచీ నచ్చినవి ఏరుకోవడం కుదరదు.

నాలుగో అడుగు: ఏ క్లాసు

క్లాసు అంటే పాత్ర వృత్తి. రోగ్, అంటే దొంగ, అని వెంటనే అనిపిస్తుంది. తప్పేమీ లేదు, కానీ ఒక చిక్కుంది. షాడర్-కై ప్రత్యేక శక్తికి బోనస్ యాక్షన్ (వంతులో మామూలు యాక్షన్‌కు తోడుగా చేసే చిన్న పని) కావాలి. రోగ్‌కు దాక్కోవడానికీ, దూరంగా జరగడానికీ కావలసింది కూడా అదే. మాంక్ పిడిగుద్దులకూ అంతే. ఒక వంతులో బోనస్ యాక్షన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

బోనస్ యాక్షన్ ఎక్కువగా ఖాళీగా ఉండే క్లాసుల్లో ఈ జాతి బాగా రాణిస్తుంది. మంత్రాలతో పోరాడే విజార్డ్ అందుకు మంచి ఉదాహరణ. మీద పడ్డ శత్రువు నుంచి 30 అడుగులు ఎగిరి దూరమై, అదే వంతులో పూర్తిస్థాయి మంత్రం వేయవచ్చు. ఇలా దూకడం మంత్రం కాదు, జాతి లక్షణం. అందుకే బోనస్ యాక్షన్ మంత్రాల మీదున్న ఆంక్ష దీనికి వర్తించదు, మంత్రాల్ని ఆపే కౌంటర్‌స్పెల్‌తో దీన్ని ఎవరూ అడ్డుకోలేరు. ఒకే కత్తితో పోరాడే ఫైటర్‌కూ ఇది బాగానే కుదురుతుంది.

ఎస్రీన్‌ను నేను గ్రేవ్ డొమైన్ క్లెరిక్‌ను (దైవశక్తితో వైద్యం చేయగల పూజారిని) చేశాను. చావుకూ బతుక్కూ మధ్య గీతను కాపాడే పని ఈ డొమైన్‌ది. 2014 నియమాల్లో మొదటి లెవెల్లోనే దొరుకుతుంది. నియమాలు ఇచ్చే 15, 14, 13, 12, 10, 8 అంకెల్ని ఇలా పంచాను: విజ్‌డమ్‌కు 15, దానికి 2 కలిపి 17, డెక్స్టెరిటీకి 14, కాన్‌స్టిట్యూషన్‌కు 13, ఒకటి కలిపి 14, కరిస్మాకు 12, ఇంటెలిజెన్స్‌కు 10, స్ట్రెంత్‌కు 8. స్కేల్ మెయిల్ కవచం, డాలు వేసుకుంటే ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు పాచిక అందుకోవాల్సిన అంకె) 18. మొదటి లెవెల్లో ప్రాణం 10 పాయింట్లు.

అయిదో అడుగు: నీడలోంచి దూకడం నేర్చుకోండి

బ్లెస్సింగ్ ఆఫ్ ది రావెన్ క్వీన్ అనే ఈ శక్తి మీద కాస్త సమయం పెట్టండి, ఈ జాతి ఆటంతా దీనిలోనే ఉంది. బోనస్ యాక్షన్‌తో, కంటికి కనిపిస్తున్న ఖాళీ స్థలానికి 30 అడుగుల దాకా మాయమై తేలవచ్చు. మీ ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పాటు పెరిగే అంకె) ఎంతో అన్నిసార్లు: 1 నుంచి 4వ లెవెల్ దాకా రెండుసార్లు, 5వ లెవెల్ నుంచి మూడుసార్లు, 9 నుంచి నాలుగుసార్లు. లాంగ్ రెస్ట్ పూర్తయితే మళ్లీ నిండుతుంది. 3వ లెవెల్ వచ్చాక దూకిన ప్రతిసారీ, మీ తర్వాతి వంతు మొదలయ్యేదాకా అన్ని రకాల దెబ్బలూ సగమే తగులుతాయి. అంతసేపూ మీ శరీరం పొగలా పారదర్శకంగా కనిపిస్తుంది.

చాలామంది దీన్ని పారిపోవడానికి దాచుకుంటారు. నేనైతే ముందుకు దూకమంటాను. సగం దెబ్బల రక్షణ శత్రువుల వంతుల్లోనే పనికొస్తుంది. దూరంగా పోయి నిలబడితే ఎవరూ కొట్టరు, రక్షణ వృథా అవుతుంది. తోటివాడొకడు శత్రువుల మధ్యలో పడిపోయాడనుకుందాం. ఎస్రీన్ అతని పక్కకు దూకుతుంది, యాక్షన్‌తో గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం వేస్తుంది. ప్రాణం సున్నాకు పడినవాడికి వైద్యం చేసేటప్పుడు గ్రేవ్ క్లెరిక్ పాచిక వేయదు, పాచికలోని గరిష్ఠ అంకెనే తీసుకుంటుంది. 2014 నియమాల ప్రకారం ఎనిమిది, విజ్‌డమ్ నుంచి మూడు కలిసి 11 పాయింట్లు ఖాయం. ఆ తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు ఆమె మీద విరుచుకుపడినా, 3వ లెవెల్ దాటి ఉంటే సగమే తగులుతుంది. లేచినవాడికి తప్పుకునే వ్యవధి దొరుకుతుంది.

పక్కనుంచి కదిలినప్పుడు శత్రువుకు మామూలుగా దొరికే ఉచిత దెబ్బ ఇలా దూకితే దొరకదు. ఎవరైనా గట్టిగా పట్టుకుని ఉన్నా, దూకి అందకుండా పోతే పట్టు వీడిపోతుంది. అయితే చూపు తప్పనిసరి. కళ్లకు మాయ కమ్మినా, దట్టమైన పొగమంచు అడ్డమైనా దూకడం కుదరదు. తోడుగా ఎవరినీ తీసుకెళ్లలేరు.

ప్రతిసారీ ‘నేను టెలిపోర్ట్ అవుతున్నాను’ అని చెప్పి ఊరుకోవద్దు. మీ పాత్ర మాయమైన చోట ఏం మిగులుతుందో ఒక్క ముక్క చెప్పండి, ఎప్పుడూ అదే చెప్పండి. నల్లటి ఈకలు ఇప్పటికే అరిగిపోయాయి. ఎస్రీన్ మాయమైతే ఆ చోట ఒక క్షణం శబ్దం ఉండదు. కత్తుల చప్పుడు కూడా అక్కడ వినిపించదు. నియమాల్లో దీనివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కానీ ఆమె పోగొట్టుకున్నదేమిటో ఆ క్షణం చెబుతుంది.

ఆరో అడుగు: రాత్రి ధ్యానాన్ని వదిలేయకండి

షాడర్-కైకి నిద్ర అక్కర్లేదు. 4 గంటలు మెలకువతోనే ధ్యానంలో ఉంటే లాంగ్ రెస్ట్ పూర్తవుతుంది. మాయతో నిద్రపుచ్చడం కూడా సాధ్యం కాదు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. చాలామంది దాటేసే వాక్యం తర్వాతిది. ధ్యానం ముగిసిన ప్రతిసారీ మీకు రాని రెండు ఆయుధాల్లోనో పనిముట్లలోనో నైపుణ్యం వస్తుంది, తర్వాతి లాంగ్ రెస్ట్ దాకా ఉంటుంది. ఎల్ఫు జాతి ఉమ్మడి జ్ఞాపకంలోంచి అది వస్తుందని నియమమే చెబుతోంది.

లాభం సంగతి ముందు చూద్దాం. రేపు తాళాలున్న గదుల్లోకి వెళ్తున్నారని తెలిస్తే దొంగ పనిముట్లు ఎంచుకోండి. సముద్ర ప్రయాణమైతే నావికుడి పనిముట్లు. మారువేషం వేయాలంటే ఆ సామగ్రి. బృందంలో రోగ్ లేని లోటు సగం తీరిపోతుంది. ధ్యానానికి ముందు, రేపటి పని ఏమిటని అందరినీ అడగడం అలవాటు చేసుకోండి.

ఇక కథ సంగతి. తన జ్ఞాపకం పోగొట్టుకున్న మనిషికి రోజూ తెల్లవారేసరికి ఎవరివో రెండు జ్ఞాపకాలు చేతుల్లోకి వస్తాయి, మర్నాటికి వెళ్లిపోతాయి. ఇంతకన్నా మంచి సన్నివేశం ఏ డంజన్ మాస్టరూ మీకు రాసివ్వలేరు. అవసరమైన పనిముట్లు ఒకటి ఎంచుకున్నాక, రెండోది అవసరంతో సంబంధం లేకుండా తీసుకోండి. ఒక ఉదయం ఎస్రీన్‌కు కుమ్మరి పని వచ్చింది. ఏటి ఒడ్డున బంకమట్టి తీసి, మాట్లాడుతూనే చిన్న గిన్నె ఒకటి చేసింది. అంచు దగ్గర బొటనవేలితో ఒక నొక్కు నొక్కింది. అలా నొక్కాలని ఆమెకు ఎవరు నేర్పారో ఆమెకు తెలియదు. ఆ నొక్కు వేసిన కుమ్మరి ఎవరై ఉంటారని బృందంలో ఒకరు అడిగారు. అక్కడి నుంచి కథ దానంతటదే నడిచింది.

మిగిలిన 4 గంటలూ మీవే. తోటివాళ్లు నిద్రపోతుంటే మీ పాత్ర ఏం చేస్తుందో ముందే అనుకోండి. ఎవరో ఒకరు మెలకువ వచ్చి లేచి కూర్చుంటే, మాటలు కలవడానికి ఆ వేళను మించింది లేదు.

ఏడో అడుగు: తెలుగులో మాట్లాడించండి

హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో తెలుగువాళ్లే కూర్చుని ఆడుతున్నా, పాత్ర నోరు విప్పగానే ఇంగ్లీషులోకి జారిపోవడం మామూలు. తెలుగులోనే మాట్లాడించండి. పౌరాణిక నాటకంలా దీర్ఘాలు తీయనక్కరలేదు. షాడర్-కైకి చిన్న వాక్యాలు, నిదానం సరిపోతాయి.

ఎవరిని ఎలా సంబోధిస్తుందో నిర్ణయించుకోండి, పాత్ర స్వభావం సగం అక్కడే తేలిపోతుంది. ఎల్ఫులు 700 ఏళ్లు పైబడి బతుకుతారు. పాతికేళ్ల మనిషిని ఆమె ‘నువ్వు’ అనడం సహజం. కానీ ఎస్రీన్ చనిపోయినవాళ్లను ‘మీరు’ అంటుంది. తన చేతిలో చచ్చిన బందిపోటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ‘మీ పేరేమిటి?’ అని అడుగుతుంది. జ్ఞాపకాలు సేకరించడం ఆమె పని కాబట్టి ఆ గౌరవం తప్పనిసరి. బృందంలోని మరుగుజ్జు వీరుడు ఆమెను ‘అక్కా’ అని పిలుస్తాడు. మొదట్లో ఆ పిలుపుకు పలికేది కాదు. ఏ రోజు నుంచి పలికిందో తోటివాళ్లు గమనిస్తారు. మార్పును మీరు ప్రకటించనక్కరలేదు.

ఎనిమిదో అడుగు: షాడోఫెల్‌కు తిరిగి వెళ్లే రోజు

ఇది డంజన్ మాస్టర్‌తో కలిసి చేయవలసిన పని. షాడోఫెల్ మన లోకానికి రంగు పోయిన నకలు. ఆట లోకంలో నెవర్‌వింటర్ అనే నగరం ఉన్న చోట అక్కడ ఎవర్‌నైట్ ఉంటుంది. అక్కడ కాలు పెట్టగానే షాడర్-కై శరీరం వడలి, ముడతలు పడి, ముదుసలి రూపం వస్తుంది. బయటికొస్తే మళ్లీ యవ్వనం, పాలిపోయిన చర్మం. తోటివాళ్లు మీ పాత్రను ఆ రూపంలో చూసే మొదటి క్షణం ఒక్కసారే వస్తుంది. దాన్ని యుద్ధం మధ్యలో ఖర్చుచేయొద్దని డంజన్ మాస్టర్‌ను కోరండి. ముందే బృందానికి చెప్పేసి ఉంటుందా, దాచి ఉంచుతుందా, ముఖం కప్పుకుంటుందా అన్నది మీరు తేల్చుకోండి.

2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఈ లోకానికి నిరాశ నియమం ఉంది. రోజుకు ఒకసారికి మించకుండా డంజన్ మాస్టర్ విజ్‌డమ్ సేవ్ (తప్పించుకునే పాచిక) అడగవచ్చు, 10 గానీ అంతకు పైన గానీ రావాలి. రాకపోతే ఆరు ముఖాల పాచిక వేస్తారు. 1 నుంచి 3 దాకా పడితే నిర్లిప్తత, 4 లేదా 5 పడితే ప్రాణభయం, 6 పడితే మతి చలించడం. లాంగ్ రెస్ట్ తర్వాత బయటపడాలంటే 15 గానీ అంతకు పైన గానీ రావాలి. కామ్ ఎమోషన్స్ మంత్రంతోనూ, శాపాన్ని తొలగించే మంత్రాలతోనూ పోగొట్టవచ్చు. షాడర్-కైకి ఈ నియమం నుంచి మినహాయింపు ఎక్కడా లేదు. మినహాయింపు అడగవద్దనే నా సలహా. అక్కడ వందల ఏళ్లు బతికిన మనిషికి కూడా నిర్లిప్తత సోకుతుందని తెలిస్తేనే ఆ లోకమంటే బృందానికి భయం పుడుతుంది.

చివరగా డంజన్ మాస్టర్‌కు ఇవ్వాల్సిన కాగితం. అందులో మూడు సంగతులుంటే చాలు: మీ పాత్రకు మిగిలిన జ్ఞాపకం, పోయిన జ్ఞాపకం, ఆ పోయినది ఇప్పుడు ఎవరి దగ్గరుంది. మొదటి రెండూ మీరే రాయండి. మూడోది ఖాళీగా వదిలి ఇచ్చేయండి. రావెన్ క్వీన్ కోటలో ఉందా, ఏ నాగ్‌పా దాన్ని కొట్టేసిందా అన్నది మీరు 5వ లెవెల్‌కు వచ్చేలోపు డంజన్ మాస్టర్ నిర్ణయిస్తే సరిపోతుంది.